నీలగిరిది కాని నీలగిరి తైలం

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది. కారణం బద్ధకం ఒక్కటే కాదు, కొంచెం సిగ్గు కూడా.

ఐర్లండ్‌లో ఉండేవాళ్ళకి జలుబు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ వాన పడటం వార్త కాదు, పడకపోవడం వార్త. అక్టోబరు చివర్లో గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజున మొదలైన ముక్కు కారడం మార్చి దాకా ఆగదు. అందుకని మా అమ్మ ఒంగోలు నుంచి డబ్లిన్ వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో గోంగూర పచ్చడి, కందిపొడి, చల్ల మిరపకాయలతో పాటు నీలగిరి తైలం సీసా ఒకటి ఖాయంగా ఉండేది. సీసాకి రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, మళ్ళీ దాన్ని నా పాత బనీనులో చుట్టి తెచ్చేది. ఇంత చేసినా సూట్‌కేసు తెరవగానే ముందు వచ్చేది ఆ వాసనే. పచ్చడి వాసన తరవాత.

మావాడికి పధ్నాలుగు నెలలప్పుడు, జనవరిలో, ఒక రాత్రి బాగా ముక్కు పట్టేసింది. పడుకోడు, పాలు తాగడు, ఒకటే ఏడుపు. నేను పై గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. మా ఆవిడ పాలు కలుపుతోంది. అమ్మ నాకు ముప్పై ఏళ్ళ కింద ఏం చేసిందో అదే చేసింది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది వాడి గుండెల మీద రాసింది. మిగిలింది వేలితో ముక్కు కింద రాసింది. అంతే. వాడికి ఒక్కసారిగా దగ్గు, ఆ తరవాత గొంతు బిగుసుకుపోయినట్టయి ఊపిరి అందలేదు. నేను కిందికి వచ్చేసరికి వాడి పెదాల రంగు మారింది. ఎలా కారు నడిపానో నాకు గుర్తు లేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏమైనా రాశారా అని. సీసా చూపించాను. రెండో ప్రశ్న, ఇందులో ఏముంది, ఎంత శాతం అని. లేబులు మీద ఒక కొండ బొమ్మ, రెండు చెట్లు, 'స్వచ్ఛమైనది' అన్న మాట ఉన్నాయి. శాతం ఎక్కడా లేదు. రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నారు. తెల్లవారేసరికి వాడు మామూలుగా నవ్వుతున్నాడు. అక్కడ ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నది నేను. వరండాలో కూర్చున్న అమ్మతో, "ఈ నాటు వైద్యాలు ఒంగోల్లో వదిలేసి రాకూడదా నువ్వు?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక సీసా తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. రెండు రోజులు ఇల్లంతా ఆ వాసనే. మళ్ళీ వచ్చినప్పుడు సూట్‌కేసులో ఆ సీసా లేదు.

మా వృత్తిలో ఏదైనా సిస్టం కూలిపోతే, అది లేచాక అందరం కూర్చుని ఏం జరిగిందో వరసగా రాస్తాం. దానికి మొదటి నియమం, మనిషిని తిట్టకూడదు, కారణం వెతకాలి. ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా పాటిస్తున్న నియమం ఇంట్లో పాటించలేదు. ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాను. అసలు ఈ నూనె ఏమిటి? ఎవరు మొదట తీశారు? దేనికి వాడారు? మా అమ్మ చేతిలోకి ఎలా వచ్చింది?

మొదటి ఆశ్చర్యం అక్కడే ఎదురైంది. ఈ నూనె కథ ఒంగోల్లోనూ లేదు, నీలగిరుల్లోనూ లేదు. మా ఇంటి నుంచి కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం చేస్తే వచ్చే ఫర్మానా కౌంటీలో ఉంది.

*

జాన్ వైట్ అనే ఆయన 1756 ప్రాంతంలో ఫర్మానాలో పుట్టాడు. ఇప్పుడది ఉత్తర ఐర్లండ్‌లో ఉంది గానీ అప్పటికి ఐర్లండ్ మధ్యలో ఏ గీతా లేదు. సరస్సులూ పచ్చికబయళ్ళూ తప్ప పెద్దగా ఏమీ లేని ప్రాంతం. అక్కడి కుర్రాడు 1778లో బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడి సహాయకుడిగా చేరాడు. మనవాళ్ళు ప్రాజెక్టు ఎక్కడ దొరికితే అక్కడికి పోయినట్టు, అప్పట్లో ఐరిష్ కుర్రాళ్ళు ఓడ ఎటు పోతే అటు పోయేవారు.

1787 మే 13న ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు ఆస్ట్రేలియాకి బయల్దేరాయి. శిక్ష పడ్డ ఖైదీలతో అక్కడొక వలస పెట్టడానికి. చరిత్రలో దాన్ని మొదటి నౌకాశ్రేణి అంటారు. ఆ మొత్తానికీ పెద్ద వైద్యుడు జాన్ వైట్. ఓడలు కదలకముందే ఖైదీలకి ఉప్పు మాంసం మానేసి తాజా మాంసం, కూరగాయలు పెట్టాలని పట్టుబట్టి సాధించాడు. ఎనిమిది నెలల పైన సాగిన ప్రయాణంలో సుమారు 1,400 మందిలో చనిపోయింది 50 మంది లోపే. ఆ కాలానికి అది చాలా మంచి లెక్క.

1788 జనవరిలో సిడ్నీ దగ్గర దిగారు. దిగాక అసలు కష్టాలు మొదలయ్యాయి. విరేచనాలు, స్కర్వీ. తెచ్చిన మందులు చాలవు. అవి అయిపోతే మళ్ళీ రావడానికి ఏడాదికి పైగా పడుతుంది. దాంతో వైద్యులు చుట్టూ ఉన్న అడవి మీద పడ్డారు. ఎర్రటి జిగురు కారే చెట్టొకటి కనబడింది, దాన్ని విరేచనాలకి ఇచ్చి చూశారు. ఆకు నలిపితే పిప్పరమెంటు వాసన వచ్చే చెట్టు ఇంకొకటి కనబడింది. ఆ ఆకుల్ని బట్టీలో పెట్టి నూనె తీశారు. తీసి, కడుపునొప్పితో ఉన్నవాళ్ళకి ఇచ్చారు. ఇంగ్లండులో దొరికే పిప్పరమెంటు నూనె కంటే ఇది ఘాటు తక్కువ, గుణం ఎక్కువ అని వైట్ తన ప్రయాణ దినచర్యలో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1790లో లండన్‌లో అచ్చయింది. నూనె కూడా కొంత లండన్‌లో ఉన్న స్నేహితుడికి పంపించాడు. ఆ చెట్టుకి యూకలిప్టస్ పైపెరిటా అని శాస్త్రీయనామం పెట్టింది జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్. ఆ పేరు మొదట అచ్చయింది కూడా వైట్ పుస్తకంలోనే.

గమనించారా? కడుపునొప్పికి. జలుబుకి కాదు.

ఇక్కడొక చిన్న ఆఫీసు రాజకీయం ఉంది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వైట్ కింద డెన్నిస్ కాన్సిడెన్ అని ఒక సహాయ వైద్యుడు ఉండేవాడు. ఈయన 1788 నవంబరు 18న లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. బ్యాంక్స్ అంటే అప్పట్లో వృక్షశాస్త్రానికి పెద్ద దిక్కు. ఈ జిగురు, ఈ నూనె వంటి వాటి గుణాలు మొదట కనిపెట్టి వాడమని చెప్పింది నేనే, ఇందులో ఏమైనా ఘనత ఉంటే అది నాకే దక్కాలి, అని ఆ ఉత్తరం సారాంశం. పని చేసింది జూనియర్, ప్రెజెంటేషన్ ఇచ్చింది మేనేజర్! నిజంగా ఎవరు ముందో ఆ ఉత్తరంతో తేలదు గానీ, పుస్తకం వేసినవాడి పేరే ఎక్కువగా నిలిచింది.

ఈ ఇద్దరి వాటాల తగాదాలో అసలు లెక్కలోకే రానివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ నేల మీద వేల ఏళ్ళుగా ఉంటున్న ఆదివాసులు. ఈ చెట్ల ఆకుల పొగ, కషాయం, జిగురు వాళ్ళ వైద్యంలో భాగం. వాళ్ళు బట్టీ పెట్టలేదు, ఉత్తరాలు రాయలేదు. అంచేత ఏ పేరూ మిగల్లేదు.

*

సరే, మరి నీలగిరి మాటేమిటి?

వైట్ నూనె తీసిన చెట్టు వేరు, మన తైలం చెట్టు వేరు. యూకలిప్టస్ జాతులు ఏడొందల దాకా ఉన్నాయి. మనది యూకలిప్టస్ గ్లోబ్యులస్, దొరల భాషలో బ్లూ గమ్. దాని సొంతూరు టాస్మేనియా, ఆ పక్కనే ఉన్న దక్షిణ విక్టోరియా. 1792లో టాస్మేనియాలో దిగిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లాబియార్దియేర్ దాన్ని సేకరించి పేరు పెట్టాడు. 1850ల మొదట్లో మెల్‌బోర్న్ దగ్గర జోసెఫ్ బొసిస్టో అనే మందుల వ్యాపారి యూకలిప్టస్ నూనెని బట్టీ పెట్టి సరుకుగా అమ్మడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి అది ప్రపంచమంతా పాకింది.

మన దేశానికి ఈ చెట్టు నూనె కోసం రాలేదు, కట్టెల కోసం వచ్చింది. ఊటీలో దొరల బంగళాలకి చలిమంటలు కావాలి. చుట్టూ ఉన్న షోలా అడవులు తరిగిపోతున్నాయి. తొందరగా పెరిగే చెట్టు కావాల్సి వచ్చింది. 1843లో మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన కెప్టెన్ ఫ్రెడరిక్ కాటన్ నీలగిరుల్లో బ్లూ గమ్ నాటించాడు. ఆ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? అవును, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరగారికి స్వయానా తమ్ముడు. అన్నగారు గోదావరి జిల్లాలకి నీళ్ళిచ్చాడు, తమ్ముడుగారు తెలుగువాళ్ళ ముక్కులకి తైలానికి దారి వేశాడు. 1850ల నుంచి వరస తోటలు వేశారు. కట్టెలు కొట్టగా మిగిలిన ఆకుని ఏం చెయ్యాలి? పెద్ద పాత్రలో ఆకు కూరి, నీళ్ళు పోసి, కింద మంట పెట్టి, ఆవిరిని గొట్టంలోంచి చల్లటి నీళ్ళ గుండా పోనిస్తే నూనె, నీళ్ళు విడివిడిగా దిగుతాయి. పైన తేలేది నూనె. వంద కిలోల పచ్చి ఆకుకి దిగేది కిలో, కాస్త అటూ ఇటూగా. అలా టాస్మేనియా చెట్టు నీలగిరి తైలం అయిపోయింది. మన అమ్మమ్మల నాటికి అది ఋషులు చెప్పిన మందంత పాతదై కూర్చుంది.

దీన్ని తెలుగు ఇళ్ళల్లో మామూలు చేసినవాటిలో మన అమృతాంజనం కూడా ఉందని నా అనుమానం. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ లేపనంలో నీలగిరి తైలమూ ఒక దినుసే. ఆ డబ్బుతోనే కదా ఆంధ్రపత్రిక నడిచింది!

అన్నట్టు, మా ప్రకాశం జిల్లాలో ఊరికో జామాయిల్ తోట ఉంటుంది. జామాయిల్ అంటే యూకలిప్టసే. కానీ అది నీలగిరి రకం కాదు, మెట్ట నేలల్ని, ఎండని తట్టుకునే వేరే జాతులు. పేరులో ఆయిల్ ఉన్నా దాన్ని పెంచేది నూనె కోసం కాదు, కాగితం గుజ్జు కోసం. 1980ల చివర నుంచి భద్రాచలం దగ్గరి సారపాక మిల్లువాళ్ళు తొందరగా ఎదిగే క్లోన్ మొక్కలు తయారుచేసి రైతులకి ఇచ్చారు. చిన్నప్పుడు ఆ తోటల పక్కనుంచి సైకిలు మీద బడికి పోయినవాణ్ణి. అది పరాయి చెట్టని ఎప్పుడూ అనిపించలేదు.

*

ఇప్పుడు డాక్టరుగారి రెండో ప్రశ్నకి వద్దాం. సీసాలో ఏముంది?

ఇలాంటి నూనెలు నువ్వుల నూనె, వేరుశనగ నూనెలాంటివి కావు. చేతి మీద వేస్తే ఎగిరిపోతాయి, కాగితం మీద మరక మిగలదు. చిన్న చిన్న అణువుల మిశ్రమం. 1870లో క్లోయెజ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బ్లూ గమ్ నూనెలో ముఖ్యమైన పదార్థాన్ని విడదీసి యూకలిప్టాల్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మనీలో ఒట్టో వాలాక్ పురుగుల మందుగా వాడే వేరొక మొక్క నూనెలోంచి ఒక పదార్థం తీసి సినియోల్ అన్నాడు. చూస్తే రెండూ ఒకటే. ఒకే ప్రోగ్రాము రెండు ఫోల్డర్లలో రెండు పేర్లతో ఉన్నట్టు! వాసన నూనెల్లోని ఇలాంటి పదార్థాల గుట్టు విప్పినందుకు వాలాక్‌కి 1910లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సినియోల్‌లో పది కార్బన్లు, పద్దెనిమిది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ అణువు మధ్యలో వంతెనలా కూర్చుని ఉంటుంది. యూరప్ ఔషధ ప్రమాణాల ప్రకారం మందుగా వాడే యూకలిప్టస్ నూనెలో సినియోల్ కనీసం 70 శాతం ఉండాలి. మిగతాది పైనీన్, లిమొనీన్ వగైరా. పైనీన్ కర్పూర తైలంలోనూ ఉంటుంది, లిమొనీన్ నారింజ తొక్కలోనూ ఉంటుంది. వైట్ తీసిన నూనెలో సినియోల్ ప్రధానం కాదు. దాని పిప్పరమెంటు వాసన పైపెరిటోన్ అనే మరో పదార్థానిది. అంటే 'యూకలిప్టస్ నూనె' అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక ఇంటిపేరు. ఆ ఇంట్లో ఎవరొచ్చారో చెప్పకుండా ఇంటిపేరు ఒక్కటే చెబితే డాక్టరుకి ఏం తెలుస్తుంది?

చెట్టు ఈ నూనెని మన జలుబు కోసం తయారు చేసుకోదు. ఆకు తినే పురుగుల్నీ జంతువుల్నీ దూరంగా పెట్టడానికి చేసుకుంటుంది. అది కూడా అందరి మీదా పనిచెయ్యదు. ఐర్లండ్‌లో పూలగుత్తుల మధ్య పెట్టే ఆకు కోసం యూకలిప్టస్ తోటలు వేస్తారు. ఆ తోటల్ని ఒక చిన్న రసం పీల్చే పురుగు పట్టుకుంది. అంత ఘాటు ఆకు మీద హాయిగా కాపురం పెట్టింది. చివరికి 1998లో దాని మీదికి ఒక బుల్లి కందిరీగని తెచ్చి వదిలారు, అది పనిచేసింది. పురుగుని ఆపింది నూనె కాదు, కందిరీగ.

*

ఈ నూనె చరిత్ర చదువుతుంటే నాకు ఒకటి స్పష్టంగా కనబడింది. మనుషులు ఎప్పుడూ దీని వాసననే నమ్మారు.

పందొమ్మిదో శతాబ్దంలో మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని అనుకునేవారు. ఆ మాటకి అర్థమే అది. మంచి ఘాటు వాసన వచ్చే చెట్టు చెడు గాలిని విరిచేస్తుందని లెక్క. అందుకని బ్లూ గమ్‌కి జ్వరం చెట్టు అని పేరు పెట్టి అల్జీరియాలో, ఇటలీ చిత్తడి నేలల్లో నాటారు. రోము దగ్గర ట్రె ఫొంతానే మఠంలో సన్యాసులు 1868 తరవాత వందలూ వేలుగా పెంచారు. చెట్లు విపరీతంగా నీళ్ళు తాగుతాయి కాబట్టి కొన్నిచోట్ల చిత్తడి తగ్గి జ్వరాలూ తగ్గి ఉండొచ్చు. కానీ ఘనతంతా వాసనకి దక్కింది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసేదాకా ఆ నమ్మకం కదల్లేదు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

రెండో నమ్మకం మన ఇంట్లోది. ఆవిరి పడితే, ముక్కు కింద రాస్తే ముక్కు తెరుచుకుంటుంది. నేను కూడా ఒట్టేసి చెప్పేవాణ్ణి. 1983లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఎకల్స్, ఆయన తోటివాళ్ళు దీన్ని కొలిచి చూశారు. కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ ఆవిర్లు పీల్పించి, ముక్కులో గాలికి ఎంత అడ్డు ఉందో పరికరంతో కొలిచారు. అడ్డులో మార్పు లేదు. కానీ పీల్చినవాళ్ళలో చాలామంది గాలి బాగా ఆడుతోందని చెప్పారు! ఇదెలా సాధ్యమో 2002లో తెలిసింది. మన నరాల్లో చలిని పసిగట్టే తలుపు లాంటి ప్రోటీన్ ఒకటి ఉంది. మెంథాల్, సినియోల్ ఆ తలుపు తడతాయి. చల్లగాలి లోపలికి పోతోందని మెదడు అనుకుంటుంది. పిప్పరమెంటు బిళ్ళ చప్పరించి నీళ్ళు తాగితే ఐసు నీళ్ళలా అనిపించడం లేదూ, అదే ఇది. ఆ ప్రోటీన్ని పట్టుకున్నవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

అంటే అంతా భ్రమేనా? కాదు, అక్కడే నేను రెండోసారి పప్పులో కాలేశాను. అంతా భ్రమ అని అమ్మకి చెప్పి చేతులు దులుపుకుందామనుకున్నాను. 2003లో జర్మనీలో యుర్గెన్స్ బృందం స్టెరాయిడ్ మాత్రలు మానలేని 32 మంది ఆస్తమా రోగులకి శుద్ధి చేసిన సినియోల్ 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడుసార్లు, 12 వారాలు ఇచ్చింది. కొందరికి ఉత్తుత్తి మాత్ర. సినియోల్ తీసుకున్నవాళ్ళకి స్టెరాయిడ్ మోతాదు సగటున 36 శాతం తగ్గించగలిగారు, ఉత్తుత్తి మాత్రవాళ్ళకి 7 శాతమే. 2009లో 242 మంది దీర్ఘకాలిక ఊపిరితిత్తుల రోగుల మీద చేసిన పరిశీలనలోనూ మేలు కనబడింది. వాపుని తగ్గించే గుణం దీనికి నిజంగా ఉంది. కానీ చూడండి, అది పెద్దవాళ్ళకి, తూచిన మోతాదులో, మాత్రగా, వైద్యుడి కంటి ముందు. మా సీసాలో ఉన్నది, మా అమ్మ వేలి మీద ఉన్నది అది కాదు.

ఇక పసిపిల్లల సంగతి. ఆ చలి తలుపుని పెద్దవాళ్ళలో తడితే హాయి. చంటిబిడ్డ ముక్కు దగ్గర అంత ఘాటుగా తడితే గొంతు దానంతటదే మూసుకుపోవచ్చు, ఊపిరి ఆగొచ్చు. అందుకే యూరప్ మందుల సంస్థ యూకలిప్టస్ నూనె 30 నెలల లోపు పిల్లలకి వాడకూడదని రాసింది. మావాడికి అప్పుడు పధ్నాలుగు. తాగితే ఇంకా ప్రమాదం, కొద్ది మిల్లీలీటర్లకే చిన్నపిల్లలకి మగత, ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్ళలోనూ ఈ నూనె, కర్పూరం వాడకం తరవాత ఫిట్స్ వచ్చిన కేసుల్ని బెంగుళూరు వైద్యులు ఈమధ్య వరసగా ప్రచురించారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే దయచేసి ఈ ఒక్క పేరా అయినా మీ అమ్మగారికో అత్తగారికో చదివి వినిపించండి. సీసా పై అరలో, మూత బిగించి పెట్టండి. మూడేళ్ళ లోపు పిల్లలకి ముక్కు దగ్గర, ముఖం మీద అసలు వద్దు.

మరి నాకు ముప్పై ఏళ్ళ కింద ఏమీ కాలేదే అంటారా? అదృష్టం కావచ్చు. ఆ సీసాలో సినియోల్ తక్కువ, మరేదో నూనె ఎక్కువ అయినా కావచ్చు. ఏమీ కానివాళ్ళే కదా పెరిగి పెద్దయి 'మాకేం కాలేదు' అని చెప్పేది.

*

ఇదంతా తెలిశాక కూడా అమ్మకి ఫోనులో చెప్పలేకపోయాను. పోయిన వేసవిలో వచ్చినప్పుడు డబ్లిన్‌కి దక్షిణంగా విక్లో కౌంటీలో ఉన్న మౌంట్ అషర్ తోటకి తీసుకెళ్ళాను. 1868లో వాల్‌పోల్ కుటుంబం వార్ట్రీ ఏటి ఒడ్డున మొదలుపెట్టిన తోట అది. అక్కడ యూకలిప్టస్ చెట్లు ఆకాశంలోకి వెళ్ళిపోయి ఉంటాయి. బెరడు పొడుగ్గా చీలికలై వేలాడుతుంటుంది. ఐర్లండ్ చలికి, వానకి అవెలా అంత ఎదిగాయో!

మావాడికి ఇప్పుడు ఆరేళ్ళు. కింద రాలిన ఆకొకటి తీసి నలిపి వాసన చూసి, ముఖం చిట్లించి నాకిచ్చాడు. అమ్మ ఆ వాసన తగలగానే రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు చెప్పాను. ఈ నూనె మన నాటు వైద్యం కాదనీ, దాన్ని ముందు బట్టీ పెట్టినవాళ్ళలో ఇక్కడి ఫర్మానా డాక్టరు ఒకాయన ఉన్నాడనీ, నీలగిరికి తెచ్చింది కాటన్ దొర తమ్ముడనీ, అది కొంత పని చేస్తుందనీ, పసివాళ్ళకి మాత్రం పనికిరాదనీ, ఆ సంగతి సీసా మీద రాయాల్సినవాళ్ళు రాయలేదనీ. చివరికి, ఆ రాత్రి వరండాలో నేను అన్నమాట తప్పనీ చెప్పాను. చెప్పడానికి నాలుగున్నరేళ్ళు పట్టింది.

అమ్మ కాసేపు ఆ చెట్టు పైకి చూస్తూ ఉండిపోయింది. తరవాత అడిగింది.

"ఆ డాక్టరు కడుపునొప్పికి ఇచ్చాడంటున్నావు కదా నాయనా. మరి ముక్కు కింద రాయమని మనకెవరు చెప్పారంటావు?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరో. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించిన ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళకి చెప్పి ఉంటారు.

వెనక్కి వస్తుంటే అమ్మ వంగి ఇంకో ఆకు తీసి, చేతిరుమాలులో మడిచి సంచిలో పెట్టుకుంది. నేను చూడటం చూసి, "వాడికి కాదులేరా, నాకే" అంది.